తొమ్మిదో గంట

ఆ ప్రశ్న అడిగింది సాయికుమార్. అడగడానికి వాడి ఆకలి తప్ప వేరే కారణం లేదు.

ఏడో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఒక రైతు పాఠం ఉంది. రైతు పొద్దున్నే పొలానికి వెళతాడు, నూన్‌కి గట్టు మీద కూర్చుని అన్నం తింటాడు, సాయంత్రం ఇల్లు చేరతాడు. పాఠమంతా అంతే. టీచరు కోమలి బోర్డు మీద ‘నూన్’ అనే మాట రాసి, పక్కనే ‘మధ్యాహ్నం పన్నెండు గంటలు’ అని అర్థం రాసింది. సుద్దముక్క కింద పెట్టిందో లేదో మూడో బెంచీలో చెయ్యి లేచింది.

“టీచర్, నూన్ అంటె పక్కాగ పన్నెండేనా?”

“పన్నెండే.”

“మరి మనకు మధ్యాహ్న భోజనం పదింటికే పెడ్తున్నరు గద?”

తరగతి గొల్లుమంది. సూరత్‌లో పాండేసరా దగ్గరున్న ఆ మునిసిపల్ బడి రెండు పూటలు నడుస్తుంది. పొద్దుటి పూట తెలుగు పిల్లలది, మధ్యాహ్నం పూట హిందీ పిల్లలది. ఏడింటికి వచ్చిన తెలుగు పిల్లలు పన్నెండింటికల్లా బడి ఖాళీ చేయాలి. అందుకని వాళ్ల మధ్యాహ్న భోజనం పదింటికే గిన్నెల్లో దిగుతుంది.

“అది భోజనం కాదుర, నాష్తా!” అని వెనక నుంచి ఒకడు.

“వీనికి పదింటికి గూడ లేటే టీచర్. తొమ్మిదింటి నుంచి వాసన చూస్తుంటడు,” అని ఇంకొకడు.

ఇలాంటప్పుడు నవ్వాలని కోమలికి గుర్తుంది. పెదవులు కాస్త కదిలించింది. పిల్లలకు అది చాలింది. “నూన్‌కి పన్నెండే ఎందుకో నాకూ తెలియదు. చూసి రేపు చెబుతాను,” అంది. తెలియనిది తెలియదనడం, చూసి చెబుతాననడం ఆమెకు మొదటి నుంచీ ఉన్న పద్ధతి. మనసు పని చేయకపోయినా పద్ధతులు వాటంతట అవే నడుస్తాయని ఈ ఏడాదే ఆమెకు తెలిసింది.

బడి వదిలాక స్టాఫ్ రూములో పాత నిఘంటువు తీసింది. దాని అట్ట ఊడిపోతే ఎవరో చీరల పార్శిళ్లకు వేసే గోధుమరంగు టేపు అతికించారు. మాట దొరికింది. దాని కింద చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలున్నాయి. ఆమె వాటిని రెండుసార్లు చదివింది.

“ఏం వెతుకుతున్నారమ్మా?” అన్నారు హెడ్మాస్టరు రఘుపతి, సంచీ భుజాన వేసుకుంటూ.

“నూన్ అంటే అసలు అర్థం తొమ్మిదోది అనట సార్. లాటిన్ మాట. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడితే తొమ్మిదో గంట. మన లెక్కలో మధ్యాహ్నం మూడు.”

“మూడా? మరి పన్నెండెలా అయింది?”

“అప్పట్లో మఠాల్లో ఉపవాసం రోజుల్లో ఆ తొమ్మిదో గంట ప్రార్థన అయ్యేదాకా తినకూడదట. రానురానూ ఆ ప్రార్థనను ముందుకు జరిపేశారు, బహుశా ఆకలికి ఆగలేకేమో అని రాశారు. చివరికి పన్నెండు దగ్గర ఆగింది. పేరు మాత్రం తొమ్మిదోదే.”

రఘుపతి గారు పెద్దగా నవ్వారు. “మన సాయికుమార్ ఏ మఠంలోనో ఉండి ఉంటే పొద్దున ఎనిమిదికే పెట్టించేవాడు. మంచిదమ్మా, ఇక ఇంటికి వెళ్లండి. అక్కడ ముసలమ్మ కాసుకుని ఉంటుంది.”

*

వడోద్‌లో వాళ్లది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కింద అంతస్తులో చీరలకు రాళ్లు అతికించే పని జరుగుతుంది కాబట్టి మెట్ల మీద ఎప్పుడూ జిగురు వాసన. కోమలి వచ్చేసరికి అత్తగారు సారక్క ఎప్పటిలాగే గడప దగ్గర చాప మీద కూర్చుని ఉంది. వంట ఎప్పుడో అయిపోయింది. అన్నం గిన్నె మీద మూత, మూత మీద కంచాలు బోర్లించి ఉన్నాయి.

“తిన్నవా అత్తమ్మా?”

“తింటతియ్, ఆకలైతలేదు బిడ్డా.”

కోమలి చేతులు కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక హారన్ మోగాలి.

ఆ హారన్ ఆమె భర్త పరుశురాంది. హజీరా వైపు ఒక ఫ్యాక్టరీకి మనుషులను చేరవేసే బస్సు నడిపేవాడు. మొదటి షిఫ్టు వాళ్లను తెల్లవారకముందే తీసుకెళ్లి, రెండింటికి మళ్లీ ఎక్కించుకుని, ఉధనా, పాండేసరా మీదుగా ఒక్కొక్కరినీ దించుతూ మూడింటికి వడోద్ మలుపు దగ్గరికి వచ్చేవాడు. చివరి స్టాపు అదే. మలుపులో రెండుసార్లు హారన్ కొట్టేవాడు. అన్నం పెట్టమని దానర్థం. బస్సు చాయ్ కొట్టు పక్కన నిలిపి, మెట్లెక్కి, చేతులు కడుక్కునేలోగా కంచాల్లో అన్నం చల్లారుతూ ఉండేది. నలుగురూ కలిసి తినేది ఆ ఒక్క పూటే. రాత్రి ఎనిమిదికే అతను నిద్రపోయేవాడు.

హోళీకి ముందు ఒకరోజు హారన్ రెండుసార్లు మోగింది. సారక్క కంచాలు సర్దింది, కోమలి వడ్డించింది. అతను రాలేదు. ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నారు. అన్నం మీద పప్పు పొర కట్టింది. చాయ్ కొట్టు గోపాల్ చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చాడు. పరుశురాం బస్సు నిలిపాడు, ఇంజన్ ఆపాడు, సీట్లోంచి దిగలేదు. గుండె ఆగిందన్నారు ఆస్పత్రిలో. ఇందులో ఎవరి తప్పూ లేదు. కోమలి దాన్ని చాలాసార్లు ఇలాగే, ఇన్ని మాటల్లోనే చెప్పింది, అడిగినవాళ్లందరికీ.

ఇప్పుడు అదే బస్సును అంబదాస్ అనే అతను నడుపుతున్నాడు. షోలాపూర్ నుంచి వచ్చిన తెలుగువాడు. అతనూ మూడింటికే వస్తాడు. అతనూ మలుపులో రెండుసార్లు హారన్ కొడతాడు. అది మోగాకే సారక్క లేస్తుంది, కంచాలు తిప్పుతుంది.

తల్లి కదా, కొడుకు వేళకు కట్టుబడి కూర్చుందని కోమలి అనుకుంది. కట్టుబాటు తప్పించడానికి ఆమె దగ్గర మాటలు లేవు. అయితే ముసలావిడకు షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకుని మూడింటి దాకా ఖాళీ కడుపుతో ఉంటే ఏమవుతుందో నవరాత్రుల్లో తేలింది. మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. పన్నెండు, పన్నెండున్నరకల్లా తినాల్సిందేనని, ఈసారి పడితే లేవడం కష్టమని డాక్టరు చెప్పాడు. కోమలి ఆ మాట అత్తగారికి మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి చెప్పింది. రెండుసార్లూ జవాబు ఒకటే. ఆకలైతలేదు బిడ్డా.

ఒంటిగంటకు కూతురు స్పందన జూనియర్ కాలేజీ నుంచి వచ్చింది. చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు.

“మమ్మీ, భూఖ్ లాగీ ఛే! మీరు తినలే గద? నాకు తెల్సు, తినలే.” గిన్నె మూత ఎత్తి తనే పెట్టుకుంది. “రోజు గిట్ల కూసుంటరు ఇద్దరు, స్టేషన్ల బండి కోసం కూసున్నట్టు. పాగల్ అయితున్రు, ఇద్దరు గూడ.”

“మంచిగ తిను, మాట్లాడకు,” అంది సారక్క.

“బాపమ్మా, బెండకాయల ఉప్పు చూసినవా అస్సలు? సముద్రం ఇది.”

“తినుడు నేర్వు ముందుగాల.”

పిల్ల తినేసి, ఫోను పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లింది. గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది. ఏదో ఒకటి మాట్లాడాలి కనక కోమలి బడిలో చూసిన సంగతి చెప్పింది.

“సన్యాసులా?” అంది సారక్క.

“ఆ, మనకు సాములు ఉన్నట్టు వాళ్లకు వాళ్ల సాములు. ఉపాసం రోజుల తొమ్మిదో గంట దాక ముద్ద ముట్టొద్దు.”

“తొమ్మిదో గంటంటె?”

“పొద్దు పొడిచినకాడికెల్లి లెక్క. మనకు మూడు.”

“అటెన్క?” అంది.

“అటెన్క ఏముంది, ఆకలి. పూజను మెల్లమెల్లగ ముందుకు జరుపుకున్నరట. పన్నెండుకు తెచ్చుకున్నరు.”

“దేవుడు ఏమనలేదా?”

“అన్నట్టు పుస్తకంల లేదు.”

సారక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. “ఏమంటడు, ఆయన తిండి ఆయనకు అందుతనే ఉండె. గని బిడ్డా, గందరికీ ఆకలైనంక గూడ ఎవడో ఒకడు ముందుగాల నోరు తెరవాలె గద. నాకు ఆకలైతుందిర అని. పాపం, గా మొదలన్నోని సిగ్గు పోయుంటది.”

“పోయుంటది.”

“పోతె పోయింది. మిగిలినోల్లు బతికిర్రు.” అని కోడలి ముఖంలోకి చూసింది. ఎందుకు చూసిందో కోమలి ఆలోచించలేదు. అప్పటికి హారన్ మోగింది, రెండుసార్లు. సారక్క మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

మరునాడు తరగతిలో ఆమె పిల్లలకు అదంతా చెప్పింది. సాయికుమార్ శ్రద్ధగా విన్నాడు. “అంటె టీచర్, ఇంకొన్ని వందల ఏండ్లయితె నూన్ పదింటికి వస్తది. మన బడి కరెక్టే,” అన్నాడు. ఆమె ‘చాలా బాగుంది’ అంది. బాగుందనే అనుకుంది కూడా.

*

దీపావళి సెలవులు అయ్యాక మొదటి వారంలో కోమలి బడి నుంచి వచ్చేసరికి సారక్క చాప మీద లేదు. పొయ్యి పక్కన నేల మీద కూర్చుని ఉంది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. పక్కన చెంబు దొర్లి నీళ్లు గడప దాకా పారాయి. పిలిస్తే చూస్తోంది కానీ పలకడం లేదు. కోమలి చేతులు వాటి పని అవి చేశాయి. డబ్బాలోంచి పంచదార తీసి నాలుక మీద పెట్టాయి, నీళ్లు తాగించాయి, ముఖం తుడిచాయి. లోపల ఏదో అరవాల్సింది, అరవలేదు. కాస్త తేరుకున్నాక, రాళ్లు అతికించే ఆడవాళ్లిద్దరు చెరో చెయ్యి పట్టి మెట్లు దింపి ఆటో ఎక్కించారు.

డాక్టరు గుజరాతీ మనిషి, నెమ్మదస్థుడు. వేలికి సూది గుచ్చి చూశాడు. గ్లూకోజు తాగించి, పది నిమిషాలు పడుకోబెట్టి, తర్వాత లేపి కూర్చోబెట్టాడు. “కేమ్ ఛో, బా?” అని ఎలా ఉందో అడిగాడు. సారక్క దండం పెట్టింది. ఇన్నేళ్లు సూరత్‌లో ఉన్నా ఆమెకు కూరగాయల బేరానికి సరిపడే హిందీ తప్ప రాదు. ఇలాంటి చోట ఆమె మాట కోమలి నోటితోనే నడుస్తుంది.

డాక్టరు కోమలితో హిందీలో అన్నాడు: “నేను పోయినసారే చెప్పాను. మూడింటి దాకా తినదన్నారు, ఇప్పటికీ అంతేనా? ఎవరి కోసం ఆగుతోందో అడగండి. కొడుకు పోయాడని నాకు తెలుసు. పోయినవాళ్లు అన్నానికి రారు, ఈవిడ కూడా పోతే ఇంట్లో ఎవరికీ లాభం లేదు. మీ మాటల్లో, మీకు తోచినట్టు చెప్పండి.”

కోమలి అత్తగారి వైపు తిరిగింది. ఆ మాటల్లో అడగమన్న ప్రశ్న ఒక్కటే తీసుకుంది. “సారు అడుగుతున్నడు అత్తమ్మా. ఎవరి కోసం ఆగుతున్నవ్ అని.”

సారక్క కోడలి వైపు చూడలేదు. డాక్టరునే చూస్తూ, అతనికి తెలుగు వచ్చన్నట్టే చెప్పింది.

“నా కొడుకు రాడని నాకెరికే సారూ. కాష్టం కాడికి నేను గూడ పోయిన. వాని కోసం ఆగుతలేను. గీ పిల్ల తింటలేదు. పొద్దుగాల ఇన్ని ఛాయ్ నీళ్లు తాగి పోతది, బడికెల్లి వస్తది, చేతులు కడుక్కుంటది, గోడకు ఒరుగుతది. గా బస్సు హారన్ మోగెదాక ముద్ద ముట్టది. మోగినంక గూడ ఏం తింటున్నదో దానికి ఎరుక లేదు. కూరల ఉప్పు ఎక్కువేసి చూసిన, తక్కువేసి చూసిన. ఒక్కనాడు అనలే. గట్ల కూసున్నదాన్ని ముందట పెట్టుకొని నేనెట్ల తింట సారూ? నా కొడుకు దాన్ని నా చేతుల పెట్టి పోయిండు. గామెకు జర చెప్పు నువ్వు.”

“క్యా బోలీ?” అన్నాడు డాక్టరు.

గదిలో ఏసీ చప్పుడు. గోడ మీద గర్భిణుల ఆహారం గురించిన బొమ్మ. కోమలి ఆ బొమ్మలో అరటిపండును చూసింది, పాల గ్లాసును చూసింది. ‘ఆకలి వేయదంటోంది’ అని చెప్పవచ్చు. మాట మార్చిందని ఇద్దరిలో ఎవరికీ తెలియదు. కానీ ఒకరి మాట ఇంకొకరికి చేర్చేటప్పుడు మధ్యలో మింగకూడదని పిల్లలకు చెబుతుంది ఆమె. చెప్పింది తనే చేయకపోతే ఎలా?

“కొడుకు కోసం కాదట,” అంది హిందీలో. తన గొంతు తనకు పక్కగదిలో ఎవరో పాఠం చదువుతున్నట్టు వినిపించింది. “కోడలు మూడింటి దాకా తినదట. అందుకని ఈమె తినదట.”

“కోడలెవరు?”

“నేనే.”

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపాడు. ముసలావిడను చూశాడు, కోమలిని చూశాడు. “నిన్న మధ్యాహ్నం మీ ఇంట్లో ఏం కూర?” అన్నాడు.

ఆమె ఆలోచించింది. అడిగింది తేలిక ప్రశ్న. కంచం గుర్తొచ్చింది, కంచం అంచున ఉన్న సొట్ట గుర్తొచ్చింది. కూర గుర్తురాలేదు.

“పన్నెండున్నరకి,” అన్నాడు డాక్టరు, చీటీ మీద రాస్తూ. “ఇద్దరూ. ఎదురుగా కూర్చుని. ఈవిడ మందు మీ చేతిలో ఉంది.”

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఎదురుగా చీరల మూటలతో వెళ్తున్న టెంపో దారి ఇవ్వడం లేదు.

“నేనన్నదంత చెప్పినవా సారుకు?” అంది సారక్క.

“చెప్పిన. ఉప్పు సంగతి చెప్పలె.”

“గది చెప్పకున్నా మంచిదే. గయ్యాళి అత్తనుకుంటడు.”

ఇంకొంచెం దూరం పోయాక కోమలి అంది: “నువ్వు ఆయన కోసం ఆగుతున్నవనుకున్న అత్తమ్మా. తల్లివి, ఎట్ల వద్దందునని నీ పక్కన కూసున్న.”

“నువ్వు పెనిమిటి కోసం ఆగుతున్నవని నేననుకున్న. గది అడిగే మాటనా?”

“అడిగే మాట కాదు.”

“మంచిగున్నది. ఇద్దరం ఒకరినొకరం ఎండబెట్టుకున్నం.”

కోమలి తను చెప్పిన మాటను మళ్లీ మనసులో చదువుకుంది, పిల్లల నోటుపుస్తకం దిద్దినట్టు. అబద్ధం కాదు. అలాగని మొత్తం నిజమూ కాదు. అత్తమ్మ తినేసి ఉన్న రోజున తను పన్నెండున్నరకు తినేదా? తినేది కాదు. ఆ నిజం వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఆమె దాన్ని జరపలేదు.

*

మరునాడు పన్నెండున్నరకు సారక్క రెండు కంచాలు పెట్టింది. బీరకాయ కూర, పచ్చిపులుసు. కిటికీ లోంచి వచ్చే ఎండ ఇంకా చాప అంచుకు కూడా రాలేదు. ఆ వేళ ఆ ఇంట్లో ఎన్నడూ అన్నం వేళ కాదు. కంచంలో తెల్లటి అన్నాన్ని చూస్తే ఎవరో పొరపాటున పెట్టినట్టు ఉంది.

“కలుపుకో బిడ్డా.”

“నువ్వు ముందు తిను అత్తమ్మా. మాత్ర వేసుకున్నవ్ గద.”

“నువ్వు కలుపు, నేను తింట.”

“నువ్వు పెద్దదానివి.”

“పెద్దదాన్నే చెప్తున్న.”

ఆరోజు కాలేజీ లేదు. స్పందన తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. “అరే యార్! పెహలే ఆప్, పెహలే ఆప్ ఆడుతున్రా? గీ లెక్కన మూడు గూడ దాటుతది. నేను తినాల్నా మీ ఇద్దరివి?”

సారక్క చెయ్యి కంచం మీద ఆగి ఉంది. కోమలి దాన్ని చూసింది. నిన్న చెంబు దొర్లిన నీళ్లు గడప దాకా పారడం గుర్తొచ్చింది. ఆ సన్యాసులు మఠంలో బల్ల ముందు ఎలా కూర్చుని ఉండేవారో ఆమెకు తెలియదు. ఒకడు నోరు తెరిచి ఉంటాడు, అంతే.

“నాకు ఆకలైతుంది అత్తమ్మా,” అంది.

ఆకలి కాలేదు. మాట మాత్రం బయటికి వచ్చింది. వచ్చిన మాటకు చెయ్యి కట్టుబడి అన్నం కలిపింది, ముద్ద చేసింది, నోట్లో పెట్టింది. కష్టంగా నమిలింది. సారక్క అది గొంతు దిగేదాకా చూసి, తన ముద్ద తను తీసుకుంది.

రెండో ముద్దకు కోమలి ఆగింది. “ఉప్పు ఎక్కువైంది కూరల.”

సారక్క నమలడం ఆపింది. తల ఎత్తకుండానే, “అయ్యిందా?” అంది.

“అయ్యిందా కాదు, చానా ఎక్కువైంది.”

“నేను సముద్రమంటె తిట్లు! మమ్మీ చెప్తె నిజం,” అంది స్పందన. “బాపమ్మా, ఇగ రేపటి నుంచి మంచిగ వేస్తవా?”

“వేస్త. ఎరుకైంది గద, ఇగ వేస్త,” అంది సారక్క. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తినడం అయింది. కంచాలు కడగడం అయింది. సారక్క ఫ్యాను కింద పడుకుంది, కడుపు నిండినవాళ్ల నిద్ర పట్టింది ఆమెకు. స్పందన లోపలి గదిలో ఫోనులో ఎవరితోనో గుజరాతీలో నవ్వుతోంది. కోమలి పిల్లల నోటుపుస్తకాలు ముందు వేసుకుంది. అన్నిట్లోనూ రైతే ఉన్నాడు, పొలానికి వెళుతూ, అన్నం తింటూ, తిరిగి వస్తూ. సాయికుమార్ నూన్‌కి ఎదురుగా ‘అసలు మూడు, ఇప్పుడు పన్నెండు, మా బడిలో పది’ అని రాశాడు. ఆమె టిక్కు పెట్టింది.

హారన్ మోగింది, రెండుసార్లు.

సారక్క కనురెప్పలు కదిలాయి. ఆమె లేవలేదు.

కోమలి చేతిలో ఎర్ర పెన్ను ఆగింది. ఇన్నాళ్లూ ఈ చప్పుడుకు చేయాల్సిన పని ఒకటుండేది. కంచాలు తిప్పడం, గిన్నె దింపడం, కూర్చోవడం. ఆ పనిలో తల ఎత్తకుండా గడిచిపోయేది. ఇవాళ అది ముందే జరిగిపోయింది. మూడు గంటలు ఒట్టి మూడు గంటలుగా ఇంట్లోకి వచ్చి నిలబడ్డాయి.

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. హోళీ తర్వాత ఆ వేళకు ఆ కిటికీలోంచి చూడటం ఇదే మొదటిసారి.

మలుపులో చీరల మూటల టెంపో ఒకటి అడ్డంగా నిలిచి ఉంది. అంబదాస్ బస్సు కిటికీలోంచి సగం బయటికి వంగి టెంపో వాడిని హిందీలో తిడుతున్నాడు. టెంపో కదిలింది. హారన్ దాని కోసమే. రోజూ ఇలాంటి బండి కోసమే అయ్యుంటుంది. బస్సు అదే బస్సు. ముందు అద్దం దగ్గర నిమ్మకాయ, మిరపకాయలు కొత్తవి. మెల్లగా వచ్చి చాయ్ కొట్టు పక్కన, ఎప్పుడూ నిలిచే చోటే నిలిచింది. చివరివాళ్లు నలుగురైదుగురు టిఫిన్ డబ్బాలతో దిగిపోయారు. ఇంజన్ ఆగింది.

ఆమె కిటికీ చువ్వ పట్టుకుని చూస్తూ నిలబడింది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత డ్రైవరు తలుపు తెరుచుకుంది. అంబదాస్ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు, నడుం పట్టుకుని రెండో కాలు నేల మీద పెట్టాడు, తలుపు మూశాడు, ‘ఏక్ కటింగ్’ అని గోపాల్‌కి కేక వేశాడు.

దిగాడు.

కోమలి అతను చాయ్ గ్లాసు అందుకునేదాకా చూసింది. తర్వాత వెనక్కి వచ్చి, మిగిలిన నోటుపుస్తకాల ముందు కూర్చుంది. కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోయాయి. అవి నిలకడగా కనబడేదాకా ఆగి, పెన్ను మూత తీసింది.